తక్‌పట్టీ మీద రైతు పేరుకు ఎంత చోటు: టెక్స్ట్ కాలమ్ టైపు ఎంచుకునే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్ ఏజెంట్) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఆఫీసంటే హన్మకొండ నయీంనగర్‌లో మేడమీద ఒక గది. మిర్చి సీజన్‌లో రైతు బస్తాలు దించి, ఖరీదుదారు రేటు చెప్పి, దడ్వాయి తూకం వేసి, చివరికి తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, చేతికొచ్చేదాకా నడిచే రాతంతా నా టేబుళ్లలోకే వచ్చి పడుతుంది. బీటెక్ ముగించుకుని నా దగ్గరికి పనికొచ్చే పిల్లలకు జాయిన్లు వచ్చు, ఏపీఐలు వచ్చు. టెక్స్ట్ దాచే కాలమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ కొట్టేది ఒకటే: వార్‌చార్(255), అంటే 255 వరకు పట్టే, పొడవు మారే టెక్స్ట్ టైపు. రైతు పేరుకూ అదే, ఫోన్ నంబరుకూ అదే, గుమాస్తా రాసే రిమార్కుకూ అదే. ఎందుకు 255 అని అడిగితే "అందరూ గదే పెడ్తరు కదక్కా" అంటారు.

వాళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. టైపు పేరు ఆలోచించే ముందు, ఆ రాత ఎవరి నుంచి వస్తుందో చూడాలి. ఏదో ఆఫీసు జారీ చేసిన నంబరైతే దాని కొలత ఆ ఆఫీసే నిర్ణయించి ఉంటుంది, మనం దాన్ని కచ్చితంగా పాటించాలి. మనిషి చెప్పుకునే పేరో ఊరో అయితే కొలత ఎవరూ నిర్ణయించలేదు, ఉదారంగా ఉండాలి. గుమాస్తా తోచింది రాసుకునే రిమార్కైతే కొలత మాటే అనవసరం, కానీ అదుపు కావాలి. తర్వాతి ప్రశ్న: ఆ కాలమ్ మీద వెతుకుతారా, ఒకే విలువ రెండుసార్లు రాకూడదా, కాగితం మీద అచ్చవుతుందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే టైపు దానంతటదే తేలిపోతుంది. ఏ డేటాబేస్ అనేది ఆ తర్వాతి సంగతి.

ముందు ఒక పేరును విప్పి చూద్దాం

మన రైతు పేరు లక్ష్మీనర్సయ్య అనుకోండి. కంటికి ఐదు అక్షరాలు: ల, క్ష్మీ, న, ర్స, య్య. డేటాబేస్‌కు అవి ఐదు కావు. యూనికోడ్‌లో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ఒత్తు కలిపే ప్రతి పొల్లుకూ విడివిడిగా ఒక్కో కోడ్ పాయింట్ ఉంటుంది. 'క్ష్మీ' ఒక్కదానికే క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం కలిపి ఆరు. పేరు మొత్తానికి 14. తెలుగు గుర్తు ప్రతిదీ యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి డిస్కు మీద 42 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే అదే పేరు 15 బైట్ల చుట్టుపక్కల తేలిపోతుంది.

ఐదు, పద్నాలుగు, నలభై రెండు. కాలమ్ పక్కన బ్రాకెట్లో మీరు రాసే అంకె ఈ మూడింటిలో దేన్ని లెక్కపెడుతుందన్నదే అసలు విషయం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో వార్‌చార్(30) అంటే 30 కోడ్ పాయింట్లు. లక్ష్మీనర్సయ్య హాయిగా ఇముడుతాడు, ఇంటిపేరు బొల్లెపల్లి కలిపినా 26 దగ్గరే ఆగుతాడు. అదే ఒరాకిల్‌లో వార్‌చార్2(30) అని ఊరికే రాస్తే, డిఫాల్ట్‌గా అది 30 బైట్లు. పేరు పట్టదు, ఎర్రర్ వస్తుంది. అక్కడ 30 పక్కన చార్ అని కూడా రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లోనే టెక్స్ట్ టైపుకు వెళితే లెక్క మళ్లీ బైట్లలోకి మారుతుంది: టైనీటెక్స్ట్ 255 బైట్లు, టెక్స్ట్ 65,535 బైట్లు, మీడియంటెక్స్ట్ 1,67,77,215 బైట్లు. అంటే టెక్స్ట్ కాలమ్‌లో అచ్చ తెలుగు 21,845 గుర్తులే పడుతుంది. టైనీటెక్స్ట్‌లో 85. ఇంగ్లిష్ డేటాతో టెస్ట్ చేసి "పడుతోంది" అనుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఇరుక్కుంటారు.

మీ డేటాబేస్ లెక్క ఏమిటో నమ్మకంగా తెలుసుకోవాలంటే, చార్ లెంగ్త్, ఆక్టెట్ లెంగ్త్ ఫంక్షన్లు రెండూ ఒకే పేరు మీద నడపండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండింటిలోనూ ఉన్నాయి. లక్ష్మీనర్సయ్యకు 14, 42 వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. 42, 84 లాంటి అంకెలు కనిపిస్తే తెలుగు ఎక్కడో తప్పు క్యారెక్టర్ సెట్ గుండా వచ్చి పాడయిందని అర్థం. అప్పుడు కాలమ్ టైపు మార్చి లాభం లేదు, ముందు కనెక్షన్ చూసుకోవాలి.

255 ఎక్కడి నుంచి వచ్చింది

వార్‌చార్ విలువ ముందు దాని పొడవు రాసి ఉంటుంది. గరిష్ఠ పొడవు 255 బైట్లలోపు ఉంటే మైఎస్‌క్యూఎల్ ఆ పొడవు రాయడానికి ఒక బైటు వాడుతుంది, దాటితే రెండు. ఒక్కో అక్షరం ఒక్కో బైటుగా ఉన్న లాటిన్1 రోజుల్లో 255 అనే అంకెకు ఆ అర్థం ఉండేది. పైగా పాత మైఎస్‌క్యూఎల్‌లో అంతకు మించి వార్‌చార్ ఉండేదే కాదు. మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు యూటీఎఫ్8ఎంబీ4. అందులో అక్షరానికి నాలుగు బైట్ల వరకు లెక్క కడతారు కాబట్టి ఆ గీత ఇప్పుడు 63 దగ్గర పడుతుంది: 63 నాలుగులు 252, 64 నాలుగులు 256. మీ వార్‌చార్(255) ఎలాగూ రెండు బైట్లే వాడుతోంది. ఆ అంకెలో ఇప్పుడు ఏ మహిమా లేదు.

ఈ 63 గీత ఇంకోచోట నిజంగా పనికొస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్(100)ని 200 చేయడం చిటికెలో అయిపోతుంది, టేబుల్‌ను తిరగరాయదు. 50ని 100 చేయాలంటే మాత్రం పొడవు రాసే బైట్లు ఒకటి నుంచి రెండుకు మారతాయి కాబట్టి టేబుల్ మొత్తాన్ని కొత్తగా కడుతుంది. సీజన్ మధ్యలో, లక్షల తక్‌పట్టీలున్న టేబుల్ మీద ఆ పని పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. అందుకే పెరిగే అవకాశమున్న ఏ కాలమ్‌నైనా నేను మొదట్లోనే 64 పైన పెడతాను, మామూలుగా 100.

అలాగని అన్నింటికీ పెద్ద అంకెలు పెట్టేయడం కూడా కుదరదు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక వరుసలోని కాలమ్‌లన్నీ కలిపి 65,535 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్8ఎంబీ4లో వార్‌చార్(255) ఒక్కోటి 1,022 బైట్లుగా లెక్కకొస్తుంది; అలాంటివి 64 పడతాయి, 65వది చేర్చబోతే వరుస సైజు ఎక్కువైందని టేబుల్ తయారవదు. స్కూలు అడ్మిషన్ ఫారాన్ని గీత గీతా కాలమ్‌గా మార్చేవాళ్లు అక్కడిదాకా చేరుకోవడం నేను చూశాను. టెక్స్ట్ కాలమ్‌లు ఈ లెక్కలో ఒక్కోటి 9 నుంచి 12 బైట్లే తీసుకుంటాయి, అసలు రాత వేరే చోట ఉంటుంది.

లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు 191 అనే అంకె కూడా పరిచయమే. పాత ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్) ఒక ఇండెక్స్ కాలమ్, అంటే త్వరగా వెతకడానికి సూచిక కట్టిన కాలమ్, 767 బైట్లు దాటకూడదు. 767ను నాలుగుతో భాగిస్తే 191. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి డిఫాల్ట్ వరుస ఫార్మాట్‌లో ఆ హద్దు 3,072 బైట్లు, అంటే 768 అక్షరాలు. కొత్త సర్వర్ మీద ఇంకా 191 పెడుతున్నారంటే పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టారన్నమాట.

ఆఫీసులు ఇచ్చే నంబర్లు

వీటిలో మొదటి నియమం: అంకెల్లా కనిపించినంత మాత్రాన అంకెల టైపు పెట్టకండి. రెండింటిని కూడి మొత్తం తీయని దేన్నైనా టెక్స్ట్‌గానే ఉంచాలి. బ్యాంకు ఖాతా నంబరు ముందు సున్నాలుంటాయి. ఇంటీజర్‌లో పెడితే అవి ఎగిరిపోతాయి, డబ్బు వేసేటప్పుడు ఖాతా దొరకదు. ఫోన్ నంబరు ముందు ఒకరు +91 కొడతారు, ఒకరు సున్నా కొడతారు. మా మార్కెట్‌కే ప్రత్యేకమైన ఉదాహరణ ఇంకోటుంది: మిర్చి రకాల్లో తేజ, వండర్ హాట్, చపాటతో పాటు '341' కూడా ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు రకం కాలమ్‌లో అది చూసి, రేటు తప్పు కాలమ్‌లో పడిందనుకుని తుడిచేయబోయాడు.

కొలత కచ్చితంగా తెలిసినవాటికి ఆ కొలతే పెట్టి, రూపం కూడా చెక్ చేయండి. ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు, అందులో ఐదోది ఎప్పుడూ సున్నా. గుమాస్తాలు అక్కడ ఇంగ్లిష్ 'ఓ' కొడుతూ ఉంటారు. జీఎస్టీ నంబరు 15, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. పాన్ 10, ఆధార్ 12, పిన్ కోడ్ 6. వీటికి తెలుగు అక్కర్లేదు కాబట్టి మైఎస్‌క్యూఎల్‌లో ఆ కాలమ్ వరకు క్యారెక్టర్ సెట్ ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే) అని పెట్టుకోవచ్చు; ఇండెక్స్ చిన్నదవుతుంది, పొరపాటున తెలుగు అంకెలు వచ్చి చేరవు. చార్(11) పెట్టాలా వార్‌చార్(11) పెట్టాలా అని చర్చ పెట్టుకోకండి. వార్‌చార్ పెట్టి, పొడవు 11 ఉండాల్సిందేనని చెక్ (డేటాబేసే చూసుకునే షరతు) రాయండి. చార్ టైపు తక్కువ పడిన చోట ఖాళీలు నింపుకుంటుంది, ఆ ఖాళీలు పోలికల దగ్గర ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ప్రవర్తిస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్ 8.0.16 నుంచే నిజంగా పనిచేస్తుంది. అంతకు ముందు వెర్షన్లు రాయనిచ్చి, పట్టించుకోకుండా వదిలేసేవి.

కానీ ఆఫీసు ఇచ్చే నంబర్లన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. పట్టాదారు పాసుపుస్తకం వివరాలు కూడా రాసుకునే దుకాణాలున్నాయి. సర్వే నంబరు 245/అ/2 లాంటిది. అంకె, గీత, తెలుగు అక్షరం, మళ్లీ అంకె. దీనికి ఆస్కీ పనికిరాదు, ఇంటీజర్ అసలే పనికిరాదు. ఇంటి నంబరు 2-5-12 అని ఉంటుంది. ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేస్తే అది తారీఖైపోతుంది. డేటాబేస్‌లో మీరు ఎంత మంచి టైపు పెట్టినా, మధ్యలో ఎక్సెల్ దారి ఉంటే దిగుమతి చేసే ముందు ఆ కాలమ్‌ను ఎక్సెల్‌లోనూ టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

యాప్ తనకు తానే పుట్టించే కోడ్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. యూయూఐడీకి (మళ్లీ రాకుండా పుట్టించే ఐడీ కోడ్) పోస్ట్‌గ్రెస్‌లో సొంత టైపే ఉంది, 16 బైట్లు. వార్‌చార్(36)గా దాచడం దండగ. పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని కోడ్‌గా మార్చి దాచే హ్యాష్ బీక్రిప్ట్ పద్ధతిలో 60 అక్షరాలు, కానీ రేపు పద్ధతి మారితే పొడవు మారుతుంది, కాబట్టి ఇక్కడ మాత్రం 255 పెట్టడంలో అర్థముంది. అన్నట్టు బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది. తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునే సరదా ఉన్నవాళ్లకు అది 24 గుర్తులు.

పేర్లు, ఊర్లు

రైతు పేరుకు, తండ్రి పేరుకు నేను వార్‌చార్(100) ఇస్తాను. ఇంటిపేరు, పేరు అని రెండు కాలమ్‌లుగా విడగొట్టను. మనవాళ్లు ఏది ముందు చెబుతారో, ఏది వదిలేస్తారో వాళ్లిష్టం. తక్‌పట్టీ మీద అచ్చు వెడల్పు తక్కువ కాబట్టి కాలమ్ కూడా 20 పెడదామని ఒక దుకాణం గుమాస్తా గట్టిగా పట్టుబట్టాడు. కాగితం వెడల్పుకూ కాలమ్ వెడల్పుకూ సంబంధం లేదు. పూర్తి పేరు దాచి, అచ్చేసేటప్పుడు కుదించండి. కుదించడం కూడా జాగ్రత్తగా చేయాలి: లక్ష్మీనర్సయ్యను మూడు గుర్తుల దగ్గర కోస్తే 'లక్' మిగులుతుంది. అదే బైట్లలో కోస్తే ఒక గుర్తు మధ్యలో తెగి, నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అక్షరాల లెక్కన కోసే లైబ్రరీలున్నాయి, జావాస్క్రిప్ట్‌లోని ఇంట్ల్ సెగ్మెంటర్ లాంటివి. ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం తెలుగుకు 2023 నాటి యూనికోడ్ 15.1తో వచ్చింది, అందుకని పాత లైబ్రరీ అయితే 'క్ష్మీ'ని ముక్కలు చేస్తుంది. వెర్షన్ చూసుకోండి.

పేరు మీద వెతుకుతారు కాబట్టి పొడవును మించిన గొడవ ఇంకోటుంది. మైలారం అనే ఊరు తీసుకోండి. 'మై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు. ఇక పొల్లు తర్వాత కనిపించకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. అది కూడా మూడు బైట్లే. అందుకని సేవ్ చేసే ముందు యాప్ కోడ్‌లోనే ప్రతి పేరునూ ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి జంట గుర్తులను ఒక్కటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చి, ముందూ వెనకా ఖాళీలు తీసేస్తాను. వెతకడానికి పక్కన ఇంకో కాలమ్ ఉంచుతాను: అందులో నాన్ జాయినర్లు తీసేసి, రెండు మూడు ఖాళీలుంటే ఒక్కటి చేసి పెడతాను. చూపించేది మొదటి కాలమ్, వెతికేది రెండోది. ఇండెక్స్ రెండో దాని మీదే.

ఊరి విషయంలో ఇది కూడా చాలదు. మా ఊరి పేరునే హన్మకొండ అంటారు, హనుమకొండ అంటారు, హనమకొండ అంటారు. ఏ నార్మలైజేషనూ ఈ మూడింటినీ ఒకటి చేయలేదు. ఊర్లకు వేరే టేబుల్ పెట్టి, రైతు వరుసలో ఆ ఊరి ఐడీ ఉంచండి; రైతు నోటి నుంచి వచ్చిన పేరును కూడా పక్కన టెక్స్ట్‌గా అలాగే ఉంచండి. గుమాస్తా జాబితాలో ఊరు దొరకని రోజున బిల్లు ఆగకూడదు.

జిల్లాకు ఈనమ్ వద్దు

జిల్లాలు ఎన్నో ఉండవు కదా, ఈనమ్ (ముందే రాసిన జాబితాలోని విలువలే తీసుకునే టైపు) పెడదాం అని ప్రతి కొత్త కుర్రాడూ అంటాడు. వాళ్లకు మా జిల్లా చరిత్రే చెబుతాను. 2016 అక్టోబరు 11కి ముందు వరంగల్ ఒకటే జిల్లా. ఆ రోజు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. రాష్ట్రంలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది, నారాయణపేటతో కలిపి 33. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. చివరి మార్పు చూడండి: 'వరంగల్' అనే మాట 2016కు ముందు ఒక హద్దును, 2021 తర్వాత మరో హద్దును చెబుతుంది. ఈనమ్‌లో పేరు మారిస్తే పాత తక్‌పట్టీలు కూడా మారిపోతాయి, మార్చకపోతే కొత్తవి తప్పవుతాయి.

మైఎస్‌క్యూఎల్ ఈనమ్‌లో విలువలు లోపల నంబర్లుగా ఉంటాయి, వరుసక్రమం కూడా ఆ నంబర్ల ప్రకారమే వస్తుంది, అక్షరక్రమంలో కాదు. జాబితా చివర కొత్తది చేర్చడం తేలిక, మధ్యలో దూర్చితే టేబుల్ తిరగరాయాలి. ప్రభుత్వం జీవో తీస్తే మారే దేన్నీ ఈనమ్‌లో పెట్టకండి. జిల్లాల టేబుల్ పెట్టి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్న తేదీలు పెట్టుకోండి. వాహనాల నంబర్లు 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు, మొదటి రెండక్షరాలు టీఎస్ ఉండాల్సిందేనని చెక్ రాసుకున్నవాళ్ల ఫారాల్లో కొత్త లారీలు ఎక్కలేదు. చెక్ రాయమన్నాను కదా అని ఎక్కడపడితే అక్కడ రాయకూడదనడానికి ఇదే కారణం. పొడవు మీద రాయండి, మారే మాటల మీద వద్దు.

రిమార్కులు, మెసేజీలు

"రెండు బస్తాలు తడి, తాలు ఎక్కువ, రైతు మళ్లీ వస్తనన్నడు." గుమాస్తా రిమార్కు ఇలా ఉంటుంది. దీనికి హద్దు ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. టెక్స్ట్ టైపు పెట్టండి, యాప్‌లో మాత్రం 1,000 గుర్తుల దగ్గర ఆపండి. లేకపోతే ఎవరో ఒక రోజు వాట్సాప్ చాట్ మొత్తం పేస్ట్ చేస్తారు. వాట్సాప్ అంటే ఎమోజీలూ వస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అనే పాత పేరు నిజానికి మూడు బైట్ల వరకే. తెలుగు మూడు బైట్లే కాబట్టి అందులో సరిగ్గా ఇమిడిపోతుంది, లోపం బయటపడదు. దండం పెట్టే ఎమోజీ వచ్చిన రోజున నాలుగో బైటుకు చోటు లేక ఇన్సర్ట్ ఆగిపోతుంది. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాలి. 8.0 నుంచి డిఫాల్ట్ అదే, కానీ పాత సర్వర్ నుంచి తెచ్చుకున్న టేబుళ్లు పాత సెట్టింగుతోనే వస్తాయి.

మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ కాలమ్‌కు ఇండెక్స్ కావాలంటే మొదటి ఎన్ని అక్షరాలో చెప్పాలి. డిఫాల్ట్ విలువ మామూలుగా ఇవ్వనివ్వదు. అందుకే వెతికే కాలమ్‌లకు అది వద్దంటాను.

రైతుకు పంపే ఎస్ఎంఎస్ నమూనాలకు మాత్రం నిజమైన హద్దు ఉంది, అది డేటాబేస్‌ది కాదు. ఇంగ్లిష్ మెసేజ్ ఒకటి 160 అక్షరాలు. తెలుగు ఒక్క గుర్తు పడినా 70కి దిగుతుంది. పొడుగు మెసేజ్ ముక్కలైతే ఒక్కో ముక్క 67. "మీ సరుకు అమ్ముడైంది" అన్న మాటకు రైతు పేరు, రేటు, బస్తాలు కలిపితే రెండు మెసేజీల డబ్బు పడుతుంది. నమూనా కాలమ్ ఎంతైనా పెట్టుకోండి, సేవ్ బటన్ పక్కన ఎన్ని మెసేజీలవుతాయో చూపించండి.

ఏ డేటాబేస్‌లో ఏది

నన్నడిగితే కొత్త పనికి పోస్ట్‌గ్రెస్. అక్కడ టెక్స్ట్, వార్‌చార్ రెంటికీ వేగంలో తేడా లేదు, లోపల దాచే పద్ధతి ఒకటే. టెక్స్ట్ పెట్టి, హద్దు కావాల్సిన చోట చెక్ రాస్తే సరిపోతుంది. హద్దు మార్చాలంటే చెక్ తీసి కొత్తది పెట్టడమే. వరుస దాదాపు 2 కేబీ దాటితే పొడుగు విలువలను అదే కుదించి పక్కకు పెడుతుంది. ఇండెక్స్‌లో మాత్రం ఒక విలువ సుమారు 2,700 బైట్లు దాటకూడదు, రిమార్కు కాలమ్ మీద మామూలు ఇండెక్స్ వేస్తే ఏదో ఒక రోజు ఇన్సర్ట్ తిరగబడుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద నడిచే పాత బిల్లింగ్ ప్రోగ్రాములు మార్కెట్లో ఇంకా ఉన్నాయి. అక్కడ తెలుగుకు ఎన్‌వార్‌చార్ కావాలి. 4,000 వరకు అంకె ఇవ్వచ్చు, ఆపైన మాక్స్. 2019 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 కొలేషన్‌తో వార్‌చార్ కూడా పనిచేస్తుంది గానీ అప్పుడు బ్రాకెట్లోని అంకె బైట్లది. కాలమ్ సరిగ్గా పెట్టినా, క్వెరీలో నేరుగా తెలుగు రాసేటప్పుడు కొటేషన్ ముందు ఎన్ అక్షరం మరిచిపోతే ప్రశ్నార్థకాలే దాచుకుంటుంది. టెక్స్ట్, ఎన్‌టెక్స్ట్ టైపులు అక్కడ కాలం చెల్లినవి, ముట్టుకోవద్దు.

తూకం దగ్గర వాడే ఆండ్రాయిడ్ యాప్‌లో ఎస్‌క్యూలైట్ ఉంటుంది. అక్కడ వార్‌చార్(10) రాసినా, పది వేల అక్షరాలిచ్చినా తీసుకుంటుంది. హద్దు మీ కోడే చూసుకోవాలి, లేకపోతే నెట్ వచ్చాక సర్వర్‌కు పంపేటప్పుడు ఇరుక్కుంటారు. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువే లేకపోవడం) రెండూ ఒకటే అన్నది గుర్తుంచుకుంటే చాలు.

కోడ్ నుంచి కాలమ్ దాకా

కాలమ్ టైపు ఎంత బాగా ఎంచుకున్నా మధ్య దారి పాడైతే లాభం లేదు. కనెక్షన్ సెట్టింగ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి. పీహెచ్‌పీలో అయితే కనెక్షన్ స్ట్రింగ్‌లోనే. పొడవు చెకింగ్ ఏ భాషలో ఏది లెక్కపెడుతుందో చూసుకోండి: పీహెచ్‌పీలో ఎస్‌టీఆర్‌లెన్ బైట్లు చెబుతుంది, 30 లోపు ఉండాలని దానితో చెక్ చేస్తే 42 వచ్చి, కాలమ్‌లో పట్టే లక్ష్మీనర్సయ్య ఫారం దగ్గరే ఆగిపోతాడు. ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ వాడాలి. పైథాన్ లెన్ కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది. జావా, జావాస్క్రిప్ట్, బ్రౌజర్ ఫారంలోని మాక్స్‌లెంగ్త్ యూటీఎఫ్-16 యూనిట్లు లెక్కపెడతాయి. తెలుగుకు అది కోడ్ పాయింట్లతో సమానమే, ఎమోజీకి మాత్రం రెండు. జావా కోడ్ నుంచి టేబుళ్లు కట్టే హైబర్నేట్‌లో పొడవు రాయకపోతే అదే 255 పెడుతుంది. పిల్లల చేతికి ఆ అంకె ఎక్కడి నుంచి అంటుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా.

జేసన్‌ను (పేరు, విలువ జతలుగా డేటా రాసే రూపం) టెక్స్ట్‌గా దాచేవాళ్లకు ఇంకో మాట. పీహెచ్‌పీ, పైథాన్ రెండూ డిఫాల్ట్‌గా తెలుగును వెనక గీత, యు, నాలుగు అంకెల కోడ్‌గా మార్చి రాస్తాయి. మూడు బైట్ల అక్షరం ఆరు బైట్లవుతుంది. 65,535 బైట్ల టెక్స్ట్ కాలమ్‌లో 10,922 గుర్తులే పడతాయి. పైగా 'తేజ' అని వెతికితే దొరకదు. యూనికోడ్‌ను అలాగే ఉంచమని చెప్పే ఆప్షన్ రెండింటిలోనూ ఉంది. ఇంకా మంచిది, డేటాబేస్‌లోని జేసన్ టైపే వాడటం.

పాత డేటా విషయంలో ఒక్క జాగ్రత్త. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైపు చేసిన రైతుల జాబితాలు కొందరి దగ్గర ఉంటాయి. ఫాంటు తీసేస్తే అవి అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు. ఏ కాలమ్ టైపూ వాటిని తెలుగు చేయదు. యూనికోడ్‌లోకి మార్చి, మనిషితో ఒకసారి చదివించి, ఆ తర్వాతే ఎక్కించండి.

ఇప్పటికే నడుస్తున్న టేబుల్ మార్చాలంటే ముందు ప్రతి టెక్స్ట్ కాలమ్‌లోనూ అతి పొడుగు విలువ ఎంతో చూడండి. గరిష్ఠ పొడవు సరిగ్గా కాలమ్ హద్దుతో సమానంగా ఉండి, అలాంటి వరుసలు చాలా ఉంటే అవి తెగిపోయిన పేర్లు. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే, హెచ్చరిక మాత్రం ఇచ్చి తోక కత్తిరించేస్తుంది. కాలమ్ పెంచినంత మాత్రాన ఆ తోకలు తిరిగి రావు, పాత తక్‌పట్టీ కాగితాలు చూసి మళ్లీ కొట్టించాలి. స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేయండి, బ్యాకప్ తీసుకోండి, 63 గీత దాటే మార్పులుంటే మార్కెట్ సెలవు రోజుకు పెట్టుకోండి. మార్పు అయ్యాక ఇంటిపేరుతో సహా లక్ష్మీనర్సయ్య, 245/అ/2, సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు, ఎమోజీ ఉన్న రిమార్కు, రెండు రకాల మైలారం ఫారం నుంచే ఎక్కించి, తిరిగి తెరిచి, తక్‌పట్టీ ప్రింట్ తీసి గుమాస్తా చేతికివ్వండి. మనకు కనిపించని తేడా అతనికి వెంటనే కనిపిస్తుంది.